కడపలో జియాలజీ ట్యూషన్, సముద్రం అడుగు కెమిస్ట్రీ కోసమైనా పోవాల్సిందే

పీజీ ఎంట్రెన్స్ కోసం మా తమ్ముణ్ణి ఇక్కడ చేర్పించినాం, డెమో క్లాసులో నేను కూడా కూర్చున్నా, సారు హైడ్రోథర్మల్ ప్లూమ్స్ (సముద్రం అడుగున వేడి ఊటల్లోంచి పొగలా లేచే నీళ్లు) చెప్పిన తీరు మాత్రం సూపర్ అండి. 350 డిగ్రీల నీళ్లు ఇనుము, మాంగనీసు, హైడ్రోజన్ సల్ఫైడ్ మోసుకుని పైకి చిమ్ముతాయి, 2 డిగ్రీల సముద్రపు నీళ్లు తగలంగానే సల్ఫైడ్లు నల్లటి పొగలా గడ్డకడతాయి, అట్లా పలచబడుకుంటా వందల మీటర్లు లేచి చుట్టూ ఉన్న నీళ్లతో సాంద్రత సమానమైనాక అడ్డంగా పరుచుకుంటాయి. మిగిలిన ఇనుము తుప్పులాగా మారి నీళ్లలోని ఫాస్ఫేటుని, వనేడియంని కూడా పట్టేసుకుంటుంది! మాంగనీసు నిదానంగా ఆక్సిడైజ్ అవుతుంది కాబట్టి ప్లూమ్ జాడ దాంతో పట్టుకుంటారు, హీలియం-3 అనే గ్యాసు అయితే దేంతోనూ రియాక్ట్ అవ్వదు, వేల కిలోమీటర్ల దాకా దొరుకుతుంది.

సారు మంగంపేట ముగ్గురాయి ముక్క ఒకటి చేతిలో పెట్టి బరువు చూడమన్నాడు, ఇదే బేరియం సల్ఫేట్ ఆ ఊటల దగ్గర గొట్టాల్లా పెరిగే చిమ్నీల్లో కూడా పేరుకుంటుందంట, అది పట్టుకున్నాక మావాడికి పాఠం భలే ఎక్కింది.

ఫీజు పర్లేదు. రికార్డింగులు మాత్రం వద్దు, సౌండ్ అస్సలు బాగలేదు, నేరుగా పోయి ముందు బెంచీలో కూర్చోండి, బోర్డు మీద రియాక్షన్లు చిన్నగా రాస్తారు.