డబ్బా ఖాళీ చేయాలా, పది నిమిషాలు ఆగాలా?

ఆకలి లేకపోయినా చెయ్యి స్వీట్ల డబ్బా వైపు వెళ్తుంటే రెండు దారులున్నాయి: ఇంట్లో స్వీటే ఉంచకపోవడం, లేదా ఉంచుకునే, తినాలనిపించినప్పుడు పది నిమిషాలు ఆగడం.

మొదటిది సులువు. చెప్పులేసుకుని బయటికెళ్లి కొనాలంటే బద్ధకమే మనల్ని కాపాడుతుంది. కానీ ఆఫీసులో ఎవరో పుట్టినరోజని డబ్బా తెరిస్తే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. పైగా ఇంట్లో మిగతావాళ్లు ఒప్పుకోవాలి, అదో గొడవ.

రెండోది మొదట్లో కష్టమే. అయితే అసలు కారణం బయటపడేది ఇందులోనే. ఆ పది నిమిషాల్లో ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు మామూలు భోజనం పెడితే తింటానా? తింటాననిపిస్తే అది ఆకలి, భోజనమే చేసేయండి. అబ్బే, స్వీటే కావాలంటే అది టెన్షనో, విసుగో, తిన్నాక నోరు తీపి చేసుకునే అలవాటో అయ్యుంటుంది. లేచి కాసేపు అటూ ఇటూ తిరిగితే చాలాసార్లు ఆ యావ దానంతటదే తగ్గుతుంది.

రోజువారీ కేలరీల్లో తేనె, పండ్లరసాల తీపితో కలిపి చక్కెర వాటా 10 శాతంలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రెండో పద్ధతిలో ఆ లెక్క మీద కాస్త కన్నేసి ఉంచాలి.

నా ఓటు రెండోదానికే. రాత్రి టీవీ ముందు చెయ్యి ఆగనివాళ్లు మాత్రం కొన్నాళ్లు డబ్బా ఖాళీగా ఉంచి, ఆ తర్వాత ఇటు మారడం మేలు.