రెండు తూకంలో దగ్గర దగ్గర, చేతిలో మాత్రం వేరు: నా మూడు స్ట్రెయిట్ రేజర్లు

నాలుగేళ్ల క్రితం నా కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక మొదటిసారి మంగలికత్తి పట్టుకున్నప్పుడు, అంతకుముందు ఆరేళ్లుగా వాడుతున్న ఆ కత్తే పరాయిదానిలా అనిపించింది. పిడి వెనక్కి లాగుతోంది. అది మొదటి నుంచీ లాగుతూనే ఉంది, గట్టి మణికట్టు ఆ లాగుడును నాకు తెలియనివ్వకుండా మోసింది. ఆ తర్వాత నా దగ్గరున్న మూడు కత్తులనూ గ్రాముల్లో తూచాను. పూర్తిగా తెరిచి వేలి మీద నిలబెట్టి, ఎక్కడ తూగుతున్నాయో కూడా గుర్తు పెట్టుకున్నాను.

ముందు ఆ పాత కత్తి సంగతి. తయారుచేసినవాళ్ల పేరు రాయను. వెడల్పు 6/8, అంటే ముప్పావు అంగుళం. ఉక్కు చాలా మంచిది, పదును వారాల తరబడి నిలుస్తుంది. పిడి నల్లటి చెక్క, లోపల రెండు పక్కలా ఉక్కు రేకులు. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, నేను కొన్నదీ ఆ అందం చూసే. మొత్తం 84 గ్రాములు. తర్వాత విప్పి తూస్తే కత్తి భాగం 37, పిడి 47 వచ్చాయి. తెరిచి పెడితే, కత్తినీ పిడినీ కలిపే రివెట్‌కు ఒక సెంటీమీటరు వెనక, అంటే పిడి వైపు, తూగుతోంది.

ఇది ఎందుకు ఇబ్బందో గీసుకునేటప్పుడే తెలుస్తుంది. బొటనవేలు కింద, మూడు వేళ్లు పైన, చిటికెన వేలు రివెట్ దాటి వంపు తిరిగిన కత్తి తోక మీద పెట్టి పట్టుకుంటాం. పిడి పైకి లేచి గాల్లో ఉంటుంది. చెంప మీద గీసినంతసేపూ బాగానే ఉంటుంది. దవడ కిందికి రాగానే చెయ్యి తిరుగుతుంది, గాల్లో ఉన్న ఆ 47 గ్రాములు పక్కకు వాలి కత్తిని తమతోపాటు తిప్పేస్తాయి. చర్మానికి 30 డిగ్రీల దగ్గర ఉండాల్సిన అంచు నిక్కబొడుచుకుంటుంది. గడ్డం ఎడమ మూల ఒకే చోట మూడుసార్లు తెగింది నాకు. తప్పు నా చేతిదే అనుకుని ఎన్ని రోజులు టెన్షన్ పడ్డానో!

రెండోది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన 19వ శతాబ్దపు కత్తి, వేడ్ అండ్ బుచర్ వాళ్లది. వెడల్పు 7/8, పక్కలు పెద్దగా లోతు చెక్కకుండా దాదాపు వెడ్జ్‌లాగే, అంటే నిండు V ఆకారంలో, వదిలేశారు. బరువు 88 గ్రాములు, అంటే పైదానికంటే నాలుగే ఎక్కువ. కానీ ఇందులో 65 గ్రాములు కత్తిలోనే ఉన్నాయి, కొమ్ము పిడి 23. రివెట్‌కు మూడు సెంటీమీటర్లు ముందు తూగుతుంది. మూడు రోజుల గడ్డం మీద పెడితే నొక్కే పనే లేదు, దాని బరువుకు అదే దిగిపోతుంది, మనం దారి చూపిస్తే చాలు. నాకు ప్రాణం ఈ కత్తంటే. ముక్కు కింద మాత్రం పనికిరాదు, అంత వెడల్పుకు అక్కడ చోటుండదు.

మూడోది జర్మనీలోని సోలింగెన్‌లో చేసిన 5/8 ఫుల్ హాలో. పలుచటి ప్లాస్టిక్ పిడి, మొత్తం 48 గ్రాములు, రివెట్‌కు సెంటీమీటరులోపు ముందు తూగుతుంది. హాలో అంటే అదే, రెండు పక్కలా లోతుగా చెక్కి పలుచన చేశారు కాబట్టి, వెంట్రుక తెగేటప్పుడు అంచు చిన్నగా మోగుతుంది. పై పెదవికి దీన్ని మించింది లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తేలిక కత్తే మంచిదని చాలామంది అంటారు, నాకు అంత నమ్మకం లేదు. చేతికి బరువు తెలియకపోతే మనిషి తనకు తెలియకుండానే నొక్కుతాడు. నేనూ మొదట్లో దీంతో అలాగే నొక్కి, మెడంతా మంట తెచ్చుకున్నాను.

పోయిన ఏడాది ఆ 6/8 కత్తికి రివెట్ తల ఆకురాయితో అరగదీసి, చెక్క పిడి తీసేశాను. రెండున్నర మిల్లీమీటర్ల మందం కొమ్ము పలకలు కోసి, నునుపు చేసి బిగించాను. కొత్త పిడి 19 గ్రాములు. తూగే చోటు రివెట్‌కు రెండు సెంటీమీటర్లు ముందుకు జరిగింది. సానరాయి మీద పెట్టలేదు, రోజూలాగే తోలు పట్టీ మీద మాత్రం నూరాను. దవడ కింద కత్తి తిరగడం మానేసింది. ఆ మూల మళ్లీ తెగలేదు.

సరిగ్గా రివెట్ దగ్గరే తూగాలని కొందరు పట్టుబడతారు. నా చేతికి మాత్రం ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ముందుంటేనే నచ్చుతుంది. పిడి చివర రెండు పలకల మధ్య ఉండే చిన్న చీలను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. పాత షెఫీల్డ్ కత్తుల్లో దాన్ని చాలాసార్లు సీసంతో చేసేవాళ్లు. సీసం నీటికంటే 11 రెట్లు బరువు, పైగా ఆ చీల రివెట్‌కు అన్నిటికంటే దూరంగా కూర్చుంటుంది. అక్కడ నాలుగు గ్రాములు మారినా చేతికి తెలుస్తుంది.

అమ్మేవాళ్లు వెడల్పు చెబుతారు, హాలోనో వెడ్జో చెబుతారు, ఉక్కు గురించి పేజీలు రాస్తారు. బరువు గురించి ఒక్కమాట ఉండదు. ఇప్పుడు కొనేముందు నేను రెండు అడుగుతాను: మొత్తం ఎన్ని గ్రాములు, తెరిచి వేలి మీద నిలబెట్టిన ఫొటో ఒకటి. ఫొటో పంపనివాళ్ల దగ్గర కొనడం మానేశాను.

మణికట్టు సలిపే రోజుల్లో 48 గ్రాములది తీస్తాను, మిగతా రోజుల్లో కొమ్ము పిడి 6/8. ఆ నల్ల చెక్క పిడి సొరుగులోనే ఉంది. లోపలి ఉక్కు రేకులు ఊడదీసి, ఉత్త చెక్కతో ఎంత తూగుతుందో చూడాలి.