బాడుగ నిజంగా కడతారా అని అడిగిన ఆడిటర్

అనంతపురం కమలానగర్‌లో మేడ మీదున్న ఈ ఆడిటర్ ఆఫీసులో వరుసగా రెండో ఏడు ఆదాయపు పన్ను రిటర్ను వేయించాను. నేను ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్‌ని. అంతకుముందు ఒక ఏజెంటు దగ్గరికి వెళ్ళేదాన్ని. రిఫండ్‌లో పది శాతం ఆయనకు ఇవ్వాలి. ఏదో పార్టీకి విరాళం ఇచ్చినట్టు చూపిద్దాం, పన్ను తగ్గుతుంది, కమిషన్ పోను డబ్బు మళ్ళీ మీ చేతికే వస్తుంది అన్నాడొకసారి. ఆ రోజుతో అక్కడికి పోవడం మానేశాను.

మేముండే ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. ఆమెకు నెలకు 10,000 బాడుగ కట్టినట్టు రసీదులు పెడితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు వస్తుందని విని, ఇక్కడ మొదట అడిగింది అదే. ఆడిటర్ గారు పెన్ను కింద పెట్టారు.

"బాడుగ నిజంగా కడతారా మేడమ్, కాగితం మీదేనా? కాగితం మీదైతే నేను చేయను. నిజంగా కడితే మొహమాటం అక్కర్లేదు, చట్టమే ఇచ్చింది. నెలనెలా అమ్మగారి ఖాతాలో వేయండి. ఆమె రిటర్నులో ఆదాయంగా చూపిద్దాం, అందులో 30 శాతం తీసేసి మిగిలినదాన్నే పన్నుకు లెక్కిస్తారు. ఆ డబ్బు మాత్రం తిరిగి మీ దగ్గరికి రాకూడదు."

చట్టం ఒప్పుకుంటే చాలదా, ఇన్ని ప్రశ్నలెందుకు అంటారు మా స్టాఫ్‌లో. నాకు చాలదు. నా జీతమే జనం కట్టిన పన్ను. నా క్లాసులో సగం మంది వేరుశనగ రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. సబ్బు కొన్నా వాళ్ళు జీఎస్టీ కడుతున్నారు, వాళ్ళకు ఆడిటర్లు లేరు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి 1985లో మెక్‌డొవెల్ కంపెనీ పన్ను కేసులో సరిగ్గా ఈ మాటే అన్నారని ఆడిటర్ గారు చెప్పారు. తెలివిగా తప్పించుకునేవాళ్ళ భారం అమాయకుల భుజాల మీద పడుతుందని రాశారట. చట్టం లోపల ప్లానింగ్ చేసుకోవడం తప్పు కాదని 2012లో సుప్రీంకోర్టే వొడాఫోన్ కంపెనీ పన్ను కేసు తీర్పులో చెప్పిందనీ ఆయనే అన్నారు. రెండు వైపులా చెప్పి, నిర్ణయం నాకే వదిలేశారు.

ఇప్పుడు ఒకటో తారీఖున బాడుగ పడుతుంది. అమ్మ బ్యాంకుకు వెళ్ళి పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకుంటుంది, ఇంటికొచ్చి వేలు పెట్టి ఆ వరుస చూసుకుంటుంది. బీపీ మాత్రలకు నన్ను డబ్బులడగడం మానేసింది. పొదుపు మీద పన్ను మినహాయింపు ఇచ్చే 80సీ సెక్షన్ కింద నేను 1,50,000 పూర్తిగా వాడుకుంటాను, దానికి ఏమాత్రం సంకోచించను. పొదుపు చేయమనే ప్రభుత్వం అది పెట్టింది, నేను చేస్తున్నాను.

ఫీజు నాకు 1,500, అమ్మకు 500. రిఫండ్‌లో వాటా అడగరు. మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్ళు ఎక్కలేరు. అమ్మ సంతకం కోసం అసిస్టెంటు అబ్బాయే కిందికి దిగొచ్చాడు. జూలై ఆఖరి వారంలో వెళ్తే మూడు గంటలు కూర్చోవాలి, జూన్‌లోనే వెళ్ళండి.