థెరపీకి ఒక్కరే వెళ్లాలా, జంటగా వెళ్లాలా?

భార్యాభర్తల్లో ఒకరికి ఆటిజమో ఏడీహెచ్‌డీయో (ఒక పనిమీద దృష్టి నిలవని తీరు) ఉందని పెద్దయ్యాక బయటపడుతుంది. అప్పటికే ఇంట్లో బోలెడు గొడవలు. థెరపీ మాట రాగానే "నువ్వెళ్లి చూపించుకో" అంటారు. నా పేచీ ఆ మాటతోనే.

ఒక్కరే వెళ్తే లాభం లేదనను. ఏళ్ల తరబడి నలుగురిలా కనబడాలని నటించి (మాస్కింగ్ అంటారు) అలసిపోయిన మనిషికి, తనకంటూ ఒక గంట కావాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు పనుల్ని ముక్కలు చేసుకోవడం నేర్పే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకునే థెరపీ) పనికొస్తుంది. డిప్రెషన్ బాగా ఉంటే ముందు ఒక్కరే వెళ్లాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నా జంటగా కూర్చోవద్దు.

కానీ చాలా ఇళ్లలో చిక్కు వేరే. "చెత్తబుట్ట నిండిపోయింది" అంటారొకరు. "అవును, నిండింది" అని రెండోవారు తమ పనిలో తాము ఉంటారు. తప్పు ఎవరిది? అర్థం కాకపోవడం రెండువైపులా ఉంటుందని 2012లో డేమియన్ మిల్టన్ వాదించారు. ఆయనా ఆటిజం ఉన్న పరిశోధకుడే. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన గుంపు, ఎవరికీ లేని గుంపు దాదాపు సమానంగా చెప్పాయి. రెండు రకాలవాళ్లూ కలిసిన గుంపులోనే కథ ఎక్కువగా చెదిరిపోయింది. అలాంటప్పుడు ఒక్కరికే మరమ్మతు చేసి ఏం లాభం?

అందుకే నా ఓటు జంట థెరపీకి. అయితే ఎవరి దగ్గరన్నది చూసుకోవాలి. ఈ విషయం తెలియని కౌన్సెలర్ "కళ్లలోకి చూసి చెప్పండి, ఇప్పుడేమనిపిస్తోంది?" అంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి తమ మనసులోని భావానికి పేరు పెట్టడమే కష్టం. దానికి అలెక్సితైమియా అని పేరు. జవాబు రాకపోతే "చూశారా, ప్రేమే లేదు" అని ఇంటికెళ్లాక ఇంకో గొడవ! తెలిసినవారైతే ప్రశ్నలు ముందే రాసి ఇస్తారు, జవాబుకు టైమిస్తారు, కళ్లు కలపమని పట్టుబట్టరు. "బుట్ట ఖాళీ చేస్తావా?" అని నేరుగా అడగడం ఆటిజం లేనివారికీ నేర్పుతారు.

అలాంటివారు జంట థెరపీకి దొరక్కపోతే? తెలియని కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లేకంటే, తెలిసిన థెరపిస్టు దగ్గరికి ఒకరు వెళ్లి, నడుమ ఒకట్రెండు సెషన్లకు రెండోవారినీ తీసుకెళ్లడం నయం.