పన్నెండు పనిముట్లు, తెగని ప్లాస్టరు

నాలుగు రోజుల కొండ నడక. మొదటి రోజు గురించి చెప్పుకోడానికేం లేదు, హాయిగా గడిచింది. రెండో రోజు మధ్యాహ్నానికి మా ఆవిడ మడమ మీద బొబ్బ లేచింది. దగ్గరున్న ప్లాస్టరు అరచేయంత వెడల్పు. గుండ్రంగా కత్తిరించాలి.

"తాళాల గుత్తికి అంత బరువు వేలాడదీశారుగా, తియ్యండి" అంది.

తీశాను. కత్తెరా చాకూ లాంటివన్నీ మడిచిపెట్టుకున్న బుల్లి మల్టీటూల్, ఊరూ పేరూ లేని చౌక సరుకది. డబ్బా మీద పన్నెండు పనిముట్లని రాసుంటే మురిసిపోయి కొన్నాను. కత్తెర రెక్కల కొసల మధ్య వెలుతురు కనబడేంత సందు. గుడ్డ ప్లాస్టరు అందులో మడతపడి ఇరుక్కుంటుందే తప్ప తెగదు. గట్టిగా నొక్కితే స్ప్రింగు రేకు పక్కకి జారింది. ఇక అది తనంతట తెరుచుకోదు, ప్రతి కోతకీ గోటితో విడదీయాలి. ఆఖరికి ప్లాస్టరు రాతి మీద పరిచి చాకుతో కోశాను. వంకరటింకర ముక్క వచ్చింది. పది అడుగులు వేసేసరికి దాని మూల లేచి పుండుని ఒరిసింది. సాయంత్రం దాకా ఆవిడ నాతో మాట్లాడితే ఒట్టు.

బసకి చేరాక మా బావమరిది తన విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ అనే బుల్లి మడత చాకు విసిరాడు. "ఇంద బావా, ముందే అడగొచ్చుగా!" మూస్తే 58 మిల్లీమీటర్లు, బరువు 20 గ్రాముల పైచిలుకు. కత్తెర బుల్లిదే, కానీ కొసదాకా కోస్తుంది. చిన్న చిన్న కోతలతో వంపు తిప్పుతుంటే ప్లాస్టరు గుండ్రంగా ఊడి వచ్చింది. స్ప్రింగు పాడైతే కొత్తది వేసుకోవచ్చు. గోళ్ల ఆకురాయి కొసే స్క్రూడ్రైవరు, పేరులోని ఎస్‌డీ అదే. పిడిలో దూర్చిన ట్వీజర్సూ పంటిపుల్లా మాత్రం జాగ్రత్త, ఊడి పడిపోతే దొరకవు.

మాతో నడిచిన ఒక పెద్దాయన దగ్గర లెదర్‌మ్యాన్ మైక్రా అనే మరో బుల్లి మల్టీటూల్ ఉంది. అదీ వాడి చూశాను. రెండు పిడులూ విప్పితే నిజం కత్తెరే, రెండు వైపుల నుంచీ పట్టు దొరుకుతుంది. మందపాటి పట్టీ కూడా సునాయాసంగా తెగింది. కోతలో క్లాసిక్ దీని ముందు చాలదు. కానీ 51 గ్రాములు. పైగా చాకు కావాలన్నా ముందు పిడులు విప్పాల్సిందే. రోజూ గుడ్డా టేపూ కత్తిరించేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. నా తాళాలకైతే క్లాసిక్ చాలు. గెర్బర్ డైమ్ లాంటివాటిలో ప్రధానం పట్టకారు, కత్తెర దాని పక్కన సర్దుకుని కూర్చుంటుంది. నడకలో నాకు పట్టకారుతో పనేముంది?

తిరుగు ప్రయాణంలో బావమరిది గుర్తుపెట్టుకుని తన చాకుని చెకిన్ పెట్టెలో వేశాడు. నేను మర్చిపోయాను. విమానాశ్రయం తనిఖీలో క్యాబిన్‌లోకి చాకు కుదరదన్నారు, అక్కడే వదిలేయాలన్నారు. నేను మారు మాట్లాడకుండా ఆ పన్నెండు పనిముట్ల సరుకుని తాళాల గుత్తి నుంచి ఊడదీసి ఇచ్చేస్తుంటే, బొబ్బ తర్వాత మొదటిసారి మా ఆవిడ నవ్వింది.