క్యోటో స్టేషన్: ఐదుకి భవనానికి నాలుగున్నర, దారి చూపినందుకు మూడు

1877లో మొదలైన ఈ స్టేషన్‌కి ఇప్పుడున్నది నాలుగో భవనం. 1914లో కట్టిన రెండోది 1950లో కాలిపోయింది. ఇప్పటిది వాస్తుశిల్పి హిరోషి హారా రూపకల్పన, 1997లో తెరిచారు. జపాన్ పాత రాజధానిలో ఇంత గాజూ ఉక్కూ ఏమిటని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. బయటినుంచి చూస్తే ఆ మాట అబద్ధమనిపించదు, 470 మీటర్ల గోడ అది. లోపల తల ఎత్తితే మాత్రం వేరు. పైదాకా ఎక్కిపోయే 171 మెట్లు, పక్కనే ఎస్కలేటర్లు, 45 మీటర్ల ఎత్తున కిటికీల నడవ. టికెట్ అక్కర్లేదు.

చిక్కంతా ప్లాట్‌ఫాం నంబర్లతోనే. 0 ఉంది, 1 లేదు, 2 నుంచి 10 దాకా మామూలు రైళ్లు, 11 నుంచి 14 శింకాన్‌సెన్ (బుల్లెట్ రైళ్లు), ఆపైన ఒక్కసారిగా 30 నుంచి 34. శింకాన్‌సెన్ 1964లో దక్షిణం వైపు, హచిజో ద్వారం దగ్గర వచ్చింది. అరాషియామా వెళ్లే సగానో లైను (31-34), కన్సాయ్ విమానాశ్రయానికి వెళ్లే హరుకా రైలు ఎక్కువగా ఆగే 30 స్టేషన్‌కి ఉత్తరపు అంచున పడమటి మూలలో ఉంటాయి. 0, 30 ఒకే ప్లాట్‌ఫాం, మొత్తం 558 మీటర్లు. పెట్టెలతో అటునుంచి ఇటు మారాలంటే పది నిమిషాలు చాలవు, పావుగంట పెట్టుకోండి.

ఫుషిమి ఇనారి గుడికి నారా లైను, 8 నుంచి 10 మధ్య. లోకల్ రైలే ఎక్కండి, రెండో స్టేషన్. మియాకోజి రాపిడ్ ఎక్కితే ఇనారి కిటికీలోంచి దాటిపోతుంది.

చాలామంది వదిలేసుకునే లాభం ఒకటుంది. టోక్యోనుంచి తీసుకున్న కాగితపు మూల (ప్రయాణ ఛార్జీ) టికెట్‌ మీద గమ్యం 'క్యోటో నగర పరిధి' అని ఉంటే, దానితోనే ఇనారి, సగా-అరాషియామా దాకా వెళ్లొచ్చు. క్యోటోలో బయటికి రాకూడదు, అంతే. శింకాన్‌సెన్‌నుంచి మామూలు రైళ్లకు మారే గేటులో మూల టికెట్టూ, శింకాన్‌సెన్ కోసం అదనంగా కొన్న ఎక్స్‌ప్రెస్ టికెట్టూ కలిపి వేస్తే, గేటు ఎక్స్‌ప్రెస్ టికెట్ ఉంచుకుని మూల టికెట్ తిరిగిస్తుంది. అది తీసుకోవడం మరిచిపోయారో, దిగే చోట మళ్లీ డబ్బు కట్టాల్సిందే.

పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు శింకాన్‌సెన్‌లో సామాను చోటున్న సీటు ముందే బుక్ చేసుకోవాలి.

స్టేషన్ ఉత్తరాన కరసుమ వైపు బస్సు వరుస చూసి నీరసపడక్కర్లేదు. పాత గెయిషాల పేట గియోన్‌కి నారా లైనులో ఒక్క స్టేషన్, తోఫుకుజిలో కేహన్ రైలుకి మారితే గియోన్-షిజో. ట్రాఫిక్ బాధ ఉండదు.

స్టేషన్ పదో అంతస్తులోని రామెన్ (చారులో నూడుల్స్) వీధిలో శాకాహారులకు పనికొచ్చేది తక్కువ. గిన్నెలో పైన కూరగాయలే కనిపించినా చారు ఎముకలతోనో ఎండు చేపతోనో కాచిందే ఎక్కువ.