జియోట్యూబ్ సముద్ర కట్ట: 5కి 3 మార్కులు, అదీ పాదం సరిగ్గా వేస్తేనే

దగ్గర్లో రాతి క్వారీ లేని ఇసుక తీరానికి జియోట్యూబ్ (ఇసుక నింపి కట్టగా వేసే గుడ్డ గొట్టం) మంచి సరుకే. అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఊరిని వదిలేయకూడదు.

పాలీప్రొపిలీన్‌తో నేసిన మందపాటి గుడ్డను పొడవాటి గొట్టంలా కుట్టి, పైన నింపుడు మూతులు పెడతారు. ఇసుకా నీళ్లూ కలిపి పంపుతో ఎక్కిస్తే నీరు గుడ్డలోంచి ఊరిపోతుంది, ఇసుక లోపల గట్టిపడుతుంది. చుట్టుకొలత 9.4 మీటర్లైతే వ్యాసం 3 మీటర్లు. కానీ నిండాక గొట్టం దిండులా పరుచుకుంటుంది కాబట్టి దక్కే ఎత్తు సుమారు 1.8 మీటర్లే. ఇంకాస్త ఎత్తు కోసం పంపు ఒత్తిడి పెంచితే కుట్టు తెగుతుంది. కొంత నింపి, నీరు దిగాక మళ్లీ నింపాలి. బురద కలిసిన సన్న ఇసుక వద్దు. గుడ్డ కన్నాలు పూడిపోతాయి, లేదా సన్నరేణువులన్నీ కారిపోయి గొట్టం కుంగుతుంది. కోతపడుతున్న ఒడ్డునుంచే ఇసుక తోడటం ఇంకా తప్పు.

డబ్బు పెట్టాల్సింది కట్ట పాదం దగ్గర, అంటే సముద్రంవైపు అడుగు అంచున. కట్టను గుద్దిన కెరటం వెనక్కి పోతూ కింది ఇసుకను లాగేస్తుంది. గుంత పడ్డాక ట్యూబ్ సముద్రంవైపు దొర్లుతుంది. ట్యూబ్ ముందు కొన్ని మీటర్ల మేర వడపోత గుడ్డ పరిచి, దాని అంచుకు దాన్ని పట్టి ఉంచే చిన్న యాంకర్ ట్యూబ్ ఉండాలి. కొటేషన్‌లో ముందు పరిచే ఈ గుడ్డ (ఏప్రన్) విడిగా రాసి లేకపోతే సంతకం పెట్టొద్దు.

గుడ్డకు ఎండ సరిపడదు. పడవ లంగరు, కత్తిగాటు, పైనుంచి విసిరిన రాయి, ఏదైనా చాలు చిరగడానికి. ఒడిశాలోని పెంథా దగ్గర 505 మీటర్ల కట్టలో ట్యూబుల మీద పాలిమర్ తాళ్ల గేబియన్లు (రాళ్లు నింపిన బుట్టలు) కప్పారు, అది సరైన పద్ధతి. మన ఉప్పాడలో వేసిన జియోట్యూబ్ కట్ట తుపాన్ల దెబ్బకు పాడైంది. పాపం, అక్కడి మత్స్యకారుల ఇళ్లు ఇప్పటికీ కెరటాల అంచునే ఉన్నాయి.

కట్ట కొసల సంగతీ చూడాలి. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తమ్మీద ఎక్కువగా ఉత్తరానికి కదులుతుంది కాబట్టి, కట్ట ఆగిన చోటినుంచి ఉత్తరాన కోత పెరుగుతుంది. అక్కడ పోయడానికి ఇసుక ఖర్చును మొదటి అంచనాలోనే చేర్చండి. ప్రతి తుపాను తర్వాత సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో పాదం వెంట నడిచి, ట్యూబుల మధ్య అతుకులు చూడండి.